పుడిసెడు నీళ్లకు అంత పెద్ద రాతి తొట్టి ఎందుకు?

ఇంగ్లండు పల్లెల్లో పాత చర్చి లోపలికి వెళ్తే చాలాచోట్ల ద్వారానికి దగ్గర్లోనే ఒక పెద్ద రాతి తొట్టి కనిపిస్తుంది. దిమ్మ మీద నిలిపి, చుట్టూ బొమ్మలు చెక్కి ఉంటుంది. పసిబిడ్డలకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇచ్చే తొట్టి అది. దాని ఫొటో చూసిన పిల్లలకు ఒక సందేహం రావడం సహజం. బిడ్డ తల మీద పోయడానికి పుడిసెడు నీళ్లు చాలు కదా, బిడ్డ మునిగిపోయేంత తొట్టి ఎందుకు?

జవాబులో సగం ఆ ప్రశ్నలోనే ఉంది. బిడ్డను ముంచడానికే అది.

జ్ఞానస్నానం అంటే మొదట్లో నిజంగా స్నానమే. కొత్తగా క్రైస్తవంలో చేరేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ కాబట్టి ఏరో, కొలనో కావాల్సి వచ్చేది. మన దగ్గరా అంతే. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. అంతమందికి ఏ తొట్టి సరిపోతుంది? అయితే ఒక దేశంలో దాదాపు అందరూ క్రైస్తవులయ్యాక ఇక ఆ స్నానం కావాల్సింది పుట్టిన బిడ్డలకే. పసికందును ఏటికి తీసుకెళ్లే పని లేదు, చర్చిలో ఒక తొట్టి ఉంటే చాలు. పాదిరిగారు వంగకుండా బిడ్డను రెండు చేతులా పట్టుకుని ముంచి తీయాలంటే ఆ తొట్టి ఎత్తు మీద ఉండాలి. అందుకే దిమ్మ. బిడ్డ నీరసంగా ఉంటే నీళ్లు పోస్తే సరిపోతుందన్న వెసులుబాటు ఉన్నా, 1662 నాటి ఇంగ్లండు చర్చి ప్రార్థన పుస్తకంలో కూడా ముందు చెప్పింది ముంచమనే.

సరే, రాయే ఎందుకు? ఆ నీళ్లు ఏ రోజుకారోజు పట్టేవి కావు. ఈస్టరు ముందు రాత్రి, పెంతెకొస్తు ముందు రాత్రి నీళ్లను దీవించి తొట్టిలో నింపి, వారాల తరబడి అలాగే ఉంచేవాళ్లు. చెక్క తొట్టి అయితే నాని కుళ్లిపోతుంది. రాయి కుళ్లదు గానీ, ఇసుకరాయి లాంటిది నీళ్లు పీల్చుకుంటుంది. అందుకని లోపల సీసపు రేకు పరిచేవాళ్లు. అడుగున ఒక కన్నం పెట్టి, వాడిన నీళ్లు నేరుగా భూమిలోకి ఇంకేలా చేసేవాళ్లు.

నీళ్లను అలా భూమిలోకే పంపడానికి, ఎవరో తొక్కే చోట పారబోయకూడదన్న భక్తి ఒక కారణం. ఇంకో కారణం భయం. దీవించిన నీళ్లకు మహిమ ఉంటుందని అందరూ నమ్మారు, చేతబడి చేసేవాళ్లు కూడా నమ్మారు. ఆ నీళ్లు దొంగిలిస్తారేమోనని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ 1236లో తొట్లకు మూతలు పెట్టి తాళాలు వేయమని ఆదేశించాడు. ఇప్పుడు చాలా తొట్లకు ఆ తాళాలు లేవు. కానీ అంచును తడిమి చూస్తే, ఇనుప కొక్కెం దిగ్గొట్టిన చోట చిన్న గుంట, తర్వాత దాన్ని పెరికినప్పుడు పెచ్చు ఊడిన చోట అతికిన రాతిముక్క చేతికి తగులుతాయి. నాకు బొమ్మల కంటే ఈ అతుకులే ఎక్కువ ఇష్టం. ఎవరూ అందం కోసం పెట్టినవి కావు గనక, జరిగింది జరిగినట్టు చెబుతాయి.

తొట్టిని ద్వారం దగ్గరే పెట్టడానికి కారణం తేలిక. జ్ఞానస్నానంతోనే మనిషి సంఘంలోకి అడుగుపెడతాడు. గుమ్మం అదే.

ఇక బొమ్మలు. నార్ఫోక్‌లోని బర్న్‌హామ్ డీప్‌డేల్ చర్చిలో నార్మన్ల కాలపు నలుచదరపు తొట్టి ఒకటుంది. దాని మూడు ముఖాల మీద ఏడాది పొడుగునా సాగే పనులు, నెలకొకటి చొప్పున 12 ఉన్నాయి. జనవరిలో ఒకడు కొమ్ముతో తాగుతున్నాడు. ఫిబ్రవరిలో కూర్చుని కాళ్లు కాచుకుంటున్నాడు. మార్చిలో పారతో తవ్వుతున్నాడు. జూన్‌లో కలుపు తీత, జూలైలో గడ్డి కోత, ఆగస్టులో పనలు కట్టడం, సెప్టెంబరులో కంకులు నూర్చడం, నవంబరులో పందిని కోయడం. డిసెంబరుకి అందరూ బల్ల చుట్టూ చేరి భోంచేస్తున్నారు.

గుడిలో కలుపు తీత ఏమిటి అనిపించవచ్చు. అప్పట్లో అది వింత కాదు. కెంట్‌లోని బ్రూక్‌లాండ్‌లో సీసంతో పోతపోసిన 12వ శతాబ్దపు తొట్టి మీద నెలల పనులతో పాటు రాశిచక్రపు గుర్తులు కూడా ఉన్నాయి. ఆదాము తప్పు చేశాక మనిషికి చెమటోడ్చి తినడం రాసిపెట్టి ఉందని బైబిలు చెబుతుంది. ఆ పాపాన్ని కడిగే తొట్టి మీద ఆ చెమటనే చెక్కడంలో ఒక పద్ధతి ఉంది. ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. బిడ్డనెత్తుకుని వచ్చే తల్లిదండ్రుల్లో చదువుకున్నవాళ్లు తక్కువ. కానీ పార పట్టినవాడిని చూడగానే అది తమ బతుకేనని వాళ్లకు తెలుస్తుంది.

చర్చి గోడలు మారినా ఈ పాత తొట్లు ఎలా మిగిలాయి? జ్ఞానస్నానం ఇచ్చే హక్కు ప్రతి ప్రార్థనాలయానికీ ఉండేది కాదు. అది పారిష్ చర్చిది (ఊరి అసలు చర్చిది). తొట్టి ఆ హక్కుకు గుర్తు. అందుకే చర్చిని పడగొట్టి కొత్తగా కట్టినా తొట్టిని మాత్రం అట్టేపెట్టుకునేవాళ్లు. చాలా ఊళ్లలో చర్చి కంటే తొట్టి పాతదై ఉండడం ఇందువల్లే. 1640లలో ప్యూరిటన్లు (ఆడంబరాలు వద్దనే ప్రొటెస్టంట్లు) వీటిని మూఢాచారంగా భావించి తీయించేశారు, పళ్లెంలో నీళ్లతో సరిపెట్టారు. తీసేసిన తొట్లు కొన్ని పశువుల కుడితి తొట్లయ్యాయి, కొన్ని తోటల్లో పూలకుండీలయ్యాయి. వాళ్ల పాలన పోయి 1660లో రాచరికం తిరిగొచ్చాక ఊళ్లవాళ్లు వాటిలో దొరికినవాటిని కడిగి మళ్లీ చర్చిలోకి తెచ్చుకున్నారు, దొరకనిచోట కొత్తవి చెక్కించుకున్నారు.