మదనపల్లె నుంచి ట్రాంబేకి దారి ఉందా? న్యూట్రాన్లు, ఉత్ప్రేరకాలు, రిజర్వేషన్లు

మదనపల్లె టమాటా తోటలకు వేసే యూరియా, పుంగనూరు కిరాణా కొట్లో అమ్మే డాల్డా, కుప్పం మీదుగా పోయే కారు పొగగొట్టంలోని కన్వర్టర్. ఈ మూడింటి వెనుకా ఉన్నది ఒకటే శాస్త్రం, ఉత్ప్రేరణం. యూరియాకు మూలమైన అమ్మోనియా ఇనుము మీద తయారవుతుంది. నూనె నికెల్ సాయంతో హైడ్రోజన్ కలుపుకుని డాల్డాగా గడ్డకడుతుంది. ఇనుమూ నికెలూ చర్యను వేగంగా నడిపిస్తాయి, తాము మాత్రం ఖర్చయిపోవు. ఇంతవరకు ఇంటర్‌లోనే చదువుకుంటాం. కానీ ఆ లోహం ఉపరితలం మీద ఏ అణువు ఎక్కడ అతుక్కుంది, ఏ బంధం తెగింది అన్న ప్రశ్నకు జవాబు అంత తేలిగ్గా దొరకదు. దాన్ని వెతికే పద్ధతుల్లో ఒకటి న్యూట్రాన్ కంపన వర్ణపటశాస్త్రం. అదేమిటో, అక్కడికి మన విద్యార్థులు ఎలా చేరగలరో, అడ్డేమిటో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

కాంతికి చిక్కని హైడ్రోజన్

అణువులోని పరమాణువులు స్ప్రింగుకు కట్టిన గుండ్లలా ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి. ప్రతి బంధానికీ తనదైన ఊపు ఉంటుంది. దాన్ని కొలిస్తే అక్కడ ఏ బంధం ఉందో తెలుస్తుంది. మామూలుగా ఈ పనిని కాంతితో చేస్తారు. ఇన్‌ఫ్రారెడ్, రామన్ పద్ధతులు అలాంటివే. ఈ రంగంలో తెలుగు నేలకు పాత పేరుంది. అణువు సౌష్ఠవాన్ని బట్టి ఏ కంపనం కాంతికి కనబడుతుందో, ఏది కనబడదో గ్రూప్ థియరీతో తేల్చే పద్ధతిపై ఆంధ్రా యూనివర్సిటీలో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు 1940ల్లోనే పుస్తకం రాశారు.

కాంతికి ఉన్న ఈ నియమాలు న్యూట్రాన్‌కు లేవు. 1932లో చాడ్విక్ కనిపెట్టిన ఈ కణానికి విద్యుదావేశం లేదు. అది నేరుగా కేంద్రకాన్ని తాకుతుంది. తాకినప్పుడు కొంత శక్తిని అణువుకు ఇచ్చి బయటికొస్తుంది. ఎంత శక్తి పోయిందో కొలిస్తే కంపనం తెలిసిపోతుంది. న్యూట్రాన్‌ను చెదరగొట్టే బలాన్ని బార్న్ అనే కొలతలో చెబుతారు. హైడ్రోజన్‌కు అది సుమారు 82. కార్బన్‌కు 5.5, అల్యూమినియానికి 1.5 మాత్రమే. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ బరువైన లోహాల మధ్య ఎక్స్-రేకు దాదాపు కనబడదు. న్యూట్రాన్‌కు మాత్రం అదే అందరికంటే ముందు కనబడుతుంది. బొగ్గుపొడి మీద అద్దిన పల్లాడియంలాంటి నల్లటి ఉత్ప్రేరకాలు కాంతిని మింగేస్తాయి. న్యూట్రాన్‌కు ఆ ఇబ్బంది లేదు. నమూనాను అల్యూమినియం డబ్బాలో పెట్టి, మైనస్ 250 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబరిచి కొలుస్తారు.

ఒక కెమిస్టు పని

బ్రిటన్‌లోని రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలలో ఐసిస్ అనే న్యూట్రాన్ కేంద్రం ఉంది. అక్కడి కెమిస్టు స్టీవర్ట్ పార్కర్ దశాబ్దాలుగా ఈ పద్ధతితోనే ఉత్ప్రేరకాలను పరిశీలిస్తున్నారు. గ్లాస్గో యూనివర్సిటీకి చెందిన డేవిడ్ లెనన్ బృందంతో కలిసి ఆయన ఫిషర్-ట్రాప్ష్ చర్యలో వాడే ఇనుప ఉత్ప్రేరకాన్ని చూశారు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువుల నుంచి ఇంధనం తీసే చర్య ఇది. పని జరుగుతుండగా ఇనుము మీద ఒక హైడ్రోకార్బన్ పొర పేరుకుంటుందని న్యూట్రాన్లు చూపించాయి. ఉత్ప్రేరకం ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే ఈ పొరనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఈ చర్యను భారీ ఎత్తున వాడింది దక్షిణాఫ్రికా కంపెనీ సాసోల్. చమురు ఆంక్షల కాలంలో బొగ్గు నుంచి తీసిన పెట్రోలు అక్కడి జాతివివక్ష ప్రభుత్వానికి ఊతమైంది. ఇనుముకు పక్షపాతం లేదు. అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. మన దగ్గరా ఆ ప్రశ్న అడగాల్సిందే.

మన న్యూట్రాన్లు ఎవరివి?

మన దేశంలో న్యూట్రాన్ పరిశోధనకు ప్రధాన కేంద్రం ముంబైలోని ట్రాంబే. 1956లో అప్సర రియాక్టరు, 1985లో 100 మెగావాట్ల ధ్రువ రియాక్టరు అక్కడే మొదలయ్యాయి. ఇవి ప్రజల డబ్బుతో కట్టినవి. అక్కడ పీహెచ్‌డీ సీటు సంగతి చూద్దాం.

కేంద్ర విద్యాసంస్థల్లో ప్రవేశాలకు సంబంధించి 2006 రిజర్వేషన్ చట్టం ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు కేటాయించింది. అదే చట్టం నాలుగో సెక్షన్ కొన్ని సంస్థలను మినహాయించింది. వాటి జాబితాలో హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, దాని కిందికి వచ్చే బార్క్, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ కేంద్రం, టీఐఎఫ్ఆర్, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఉన్నాయి. అధ్యాపక పోస్టులపై 2019లో వచ్చిన చట్టంలోనూ ఇలాంటి మినహాయింపే ఉంది. ఈ సంస్థలు దళిత విద్యార్థులను తీసుకోకూడదని చట్టం అనలేదు. తీసుకుని తీరాలని మాత్రం అనలేదు.

దీనికి చెప్పే కారణాలు రెండు: ప్రతిభ, దేశ భద్రత. నికెల్ మీద హైడ్రోజన్ ఎలా ఊగుతుందన్నది రహస్యం కాదు, అందరూ చదివే జర్నల్లో అచ్చయ్యే విషయం. ఇక ప్రతిభ సంగతి. కులం పేరుతో కలకత్తా హాస్టల్లో పంక్తిభోజనానికి దూరమైన మేఘనాద్ సాహా నక్షత్రాల కాంతిని చదివే సమీకరణం ఇచ్చారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములకు నెలల తరబడి ఫెలోషిప్ ఆగిపోయింది. సైన్సు రచయిత కావాలనుకున్న ఆ స్కాలర్‌ను 2016 జనవరి 17న కోల్పోయాం. కొరత ప్రతిభకు కాదు, దాన్ని నిలవనిచ్చే చోటుకు.

డబ్బు లెక్క కూడా చూడాలి. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్‌లో ఏటా కొత్తగా ఇచ్చేవి 2,000. అందులో సైన్సుకు కేటాయించినవి 500. దేశం మొత్తానికీ అంతే. మరోవైపు 2023 జనవరిలో కేంద్రం గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు రూ.19,744 కోట్లు ప్రకటించింది. హైడ్రోజన్ అంటే ఉత్ప్రేరకాలే. రేపటి ల్యాబులు, ఉద్యోగాలు అక్కడ పుడతాయి. ఇప్పుడు అడగకపోతే ఆ పంపకం కూడా మనం లేకుండానే జరిగిపోతుంది.

చేయగలిగింది

మన పడమటి ప్రాంతం చదువుల్లేని చోటు కాదు. మదనపల్లెలో బీటీ కాలేజీ 1915లోనే మొదలైంది. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. లేనిది సమాచారం, చేయి పట్టి నడిపించేవాళ్ళు.

డిగ్రీ చదువుతున్నవారు సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలి. ఉత్ప్రేరకాల మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ ఐఐసీటీ మనకు దగ్గర్లోనే ఉంది. ఉత్ప్రేరణ శాస్త్రవేత్త ఎం. లక్ష్మీకాంతం ఆ సంస్థకు తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నవారు యూజీసీ-డీఏఈ కన్సార్టియం ముంబై కేంద్రం ద్వారా ధ్రువ న్యూట్రాన్లను వాడుకోవచ్చు. దానికి కావాల్సింది మంచి ప్రతిపాదన, దానిపై సంతకం చేసే గైడు.

సంఘాలుగా మనం అడగాల్సినవి మూడు. నాలుగో సెక్షన్ మినహాయింపును రద్దు చేయాలి. ఈ సంస్థలు పీహెచ్‌డీ ప్రవేశాల వివరాలను సామాజిక వర్గాల వారీగా ఏటా వెల్లడించాలి. సైన్సు ఫెలోషిప్పుల సంఖ్య పెంచి, ప్రతి నెలా ఆలస్యం లేకుండా చెల్లించాలి. మొదటి పనిగా, సమాచార హక్కు చట్టం కింద ఆ వివరాలు కోరుతూ మీ కాలేజీ సంఘం నుంచే ఒక దరఖాస్తు పంపండి. పది రూపాయల ఫీజుతో అయ్యే పని అది.