తండ్రి ఋణము - తనయుని పాపము

ఆదోని నల్లరేగడిలో ప్రత్తి పండించే రైతుకు అప్పు అనే మాట కొత్తది కాదు. తండ్రి చేసిన అప్పు కొడుకు నెత్తిన పడుట ఇక్కడ తరతరాలుగా చూస్తున్న సంగతి. ఒకనాడు తరగతిలో జాషువా కవి 'గబ్బిలము' పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి ఇట్లు అడిగినాడు: "అయ్యా, పూర్వజన్మ కర్మచేత ఈ కులములో పుట్టితిరని మా తాతలతో కొందరన్నారు. ఆదాము పాపములో పుట్టితిరని తరువాత మరికొందరన్నారు. మేము చేయని తప్పునకు మాకు శిక్ష యేమిటి?" ఇంతలో గంట మ్రోగినది. సమాధానము మిగిలిపోయినది.

ఈ ప్రశ్నకు క్రైస్తవములో ఒక్కటే జవాబు లేదు. ఉత్తరాఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్పు అగస్టీను (354-430) మానవజాతి యావత్తు ఆదామునందే పాపము చేసినదనీ, ఆ దోషము పసికందుకు సైతము సంక్రమించుననీ వాదించినాడు. ఆదాము పాపము ఆదామునే చెరిచినదని ఆయన సమకాలికుడైన పెలాగియసు పక్షము. 418లో కార్తేజి సభ పెలాగియసు వాదమును ఖండించినది. గ్రీకు సంప్రదాయపు తూర్పు సంఘములు మూడవ త్రోవ పట్టినవి. ఆదాము నుండి మనకు వచ్చినది మరణమూ బలహీనతయే గాని అపరాధము కాదని వారి మతము. రోమీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయములో ఒక గ్రీకు పదబంధమును లాటిను వారు 'అతనియందు' అని అర్థము చేసికొన్నారు. గ్రీకులు 'అందుచేత' అని చదివినారు. ఇంతటి భేదమునకు ఒక చిన్న మాట కొంత కారణమైనది.

అనగా పిత్రార్జితమైన పాపము అప్పు వంటిదా, రోగము వంటిదా అన్నదే అసలు వివాదము. రోగియైన బిడ్డపై జాలిపడుదుము, శిక్షింపము. అప్పు మాటకు వచ్చినచో మన ధర్మశాస్త్రమునే చూడవచ్చును. తండ్రి ఋణము కొడుకు తీర్చవలెనని చెప్పిన స్మృతికారులే, త్రాగుడుకూ జూదమునకూ చేసిన అప్పునూ, తండ్రి చెల్లింపక మిగిల్చిన దండుగనూ కొడుకు తీర్చనక్కరలేదన్నారు. తండ్రి ఋణమును ధర్మబాధ్యతగా కొడుకుపై మోపే ఆ నియమమును 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము అటుపై చేసిన అప్పులకు తొలగించినది. మనుష్యుల న్యాయమే తండ్రి నేరపు జరిమానాను బిడ్డపై వేయలేదు. దైవన్యాయము అంతకంటె తక్కువదా? తండ్రి దోషము కొడుకు మోయడని బైబిలులో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథము పదునెనిమిదవ అధ్యాయము కూడ స్పష్టముగా చెప్పుచున్నది.

ఇక చెడుగు అనగానేమి? దానికి స్వతంత్రమైన ఉనికి లేదనీ, అది మంచి యొక్క లేమియే యనీ అగస్టీను నిర్వచనము. ఎమ్మిగనూరు నేతగాండ్రకు ఇది సులభముగా బోధపడును. చిరుగును ఎవరూ మగ్గముపై నేయరు. బట్ట ఉన్నచోటనే చిరుగు ఉండును. బట్ట లేనినాడు చిరుగూ లేదు. కనుక సృష్టికర్త చెడును సృజింపలేదని సిద్ధాంతము.

సిద్ధాంతము సొగసైనదే. కాని మన తెలుగులో లేమి అనగా పేదరికము కూడ గదా! ఆకలి అన్నము యొక్క లేమియే. అయినను అది మనిషిని చంపును. 1876-78 నాటి ధాత కరువు ఆనాడు బళ్ళారి జిల్లాలో నుండిన ఆదోని సీమనూ, కర్నూలు, కడప జిల్లాలనూ నాశనము చేసినది. వాన కురియకపోవుట దైవఘటన అనవచ్చును. కాని 1877లో రిచర్డు టెంపులు కరువుపనిలో ఎండలో మట్టి మోసిన మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము చాలునని నిర్ణయించినాడు. ధాన్యపు వర్తకములో జోక్యము కూడదని లిట్టన్ ప్రభువు పట్టుబట్టినాడు. ఈ భాగము దేవుని లెక్కలో వ్రాయదగినది కాదు. కర్మ అన్నా ఆదిపాపమన్నా, ఆ నిర్ణయము చేసిన చేతులు మరుగుపడిపోవును. ఈ సిద్ధాంతములలోని ప్రమాదమిది.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో ఒక పుట్టుగ్రుడ్డి కథ కలదు. ఇతడు ఇట్లు పుట్టుటకు పాపము చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు యేసును అడిగినారు. పుట్టకముందటి పాపము, పెద్దల పాపము: మా విద్యార్థి ప్రశ్నలోని రెండు కొనలూ ఇందులోనే ఉన్నవి. యేసు రెండింటినీ కాదన్నాడు. దేవుని క్రియలు అతనియందు వెల్లడి కావలెనన్నాడు. తరువాత మట్టి తడిపి అతని కన్నులకు పూసినాడు.

దేవుడు తన క్రియ చూపుటకు ఒకడు అన్ని యేండ్లు చీకటిలో ఉండవలెనా అని ఇంకొకరు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు నా వద్ద తీరైన జవాబు లేదు. కాని నీ పుట్టుక శిక్ష కాదని ఆ విద్యార్థితో నిస్సంశయముగా చెప్పగలను. ఆనాడు గంట మ్రోగకముందే చెప్పియుండవలసినది.