జవాబు రాని చెల్లింపు

డిజిటల్ చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌లో వైఫల్యం కన్నా చిక్కైనది అనిశ్చితి. బ్యాంకు స్పష్టంగా తిరస్కరించిన లావాదేవీని మళ్లీ మొదలుపెట్టవచ్చు గాని, గడువులోగా జవాబే రానప్పుడు, పంపిన అభ్యర్థన దారిలోనే పోయిందో, పని పూర్తయ్యాక జవాబు మాత్రమే పోయిందో పంపిన కంప్యూటరుకు తెలియదు. మాదాపూర్‌లో టీ తాగినవారి ఖాతాలోంచి 20 రూపాయలు తగ్గినా కొట్టులోని సౌండ్ బాక్స్ పలకని సందర్భాల్లో తరచుగా జరిగేది ఇదే.

ఈ చిక్కు యూపీఐతో పుట్టినది కాదు. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించి వేర్వేరు బ్యాంకుల ఏటీఎంలను కలిపినప్పుడు, ఒక బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గి మరో బ్యాంకు యంత్రం నోట్లు ఇవ్వకపోయే అవకాశం కూడా దానితోపాటే వచ్చింది. అటువంటప్పుడు 'రివర్సల్', అంటే తగ్గించిన మొత్తాన్ని తిరిగి జమ చేయమనే సందేశం వెళ్తుంది. అదీ చేరకపోతే, రోజు చివర ఇరుపక్షాల లెక్కలను సరిపోల్చే 'రీకన్సిలియేషన్'లో తేడా బయటపడుతుంది.

జవాబు రానప్పుడు అదే చెల్లింపును తిరిగి ప్రయత్నించడాన్ని 'రీట్రై' అంటారు. దానివల్ల డబ్బు రెండుసార్లు తగ్గకుండా కాపాడేది 'ఐడెంపొటెన్సీ', అనగా ఒకే ఆదేశం ఎన్నిసార్లు అందినా ఫలితం ఒక్కసారే కలిగే లక్షణం. ప్రతి చెల్లింపుకూ మొదట్లోనే ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, రీట్రైలన్నిటికీ దానినే వాడితే, అవతలి వ్యవస్థ తన పట్టీలో ఆ సంఖ్యను చూసి పాత జవాబునే తిప్పి పంపుతుంది. వినడానికి సులువైన ఈ ఏర్పాటు ఆచరణలో రెండు చోట్ల బెడిసికొడుతుంది: రీట్రై చేసే కోడే ప్రతిసారీ కొత్త సంఖ్యను పుట్టిస్తే రక్షణ మొత్తం పోతుంది, సంఖ్యను నమోదు చేయడమూ నిల్వను తగ్గించడమూ ఒకే డేటాబేస్ లావాదేవీలో జరగకపోతే, ఆ రెంటి మధ్య సర్వర్ ఆగిన క్షణంలో లెక్క తప్పుతుంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయాల్లో కోడ్ సమీక్షించేవారు ముందుగా వెతకవలసిన చోట్లు ఇవే.

గుర్తింపు సంఖ్య డబ్బును కాపాడుతుందే తప్ప సర్వర్‌ను కాపాడదు. 2025 ఏప్రిల్ 12న యూపీఐ సేవలు గంటల తరబడి కుంటుపడినప్పుడు, కొన్ని బ్యాంకులు లావాదేవీల స్థితిని, పాతవాటితో సహా, పదేపదే అడగడం వల్ల భారం పెరిగిందని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తేల్చింది. డబ్బును కదిలించని ఉత్త ప్రశ్నలే అంత పని చేశాయన్నది గమనార్హం. అందుకే విఫలమైన ప్రతిసారీ విరామాన్ని రెట్టింపు చేసే 'ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్'ను, వేలాది యంత్రాలు ఒకే క్షణంలో మళ్లీ మీద పడకుండా ఆ విరామాన్ని యాదృచ్ఛికంగా కాస్త అటూ ఇటూ జరిపే 'జిట్టర్'ను కలిపి వాడతారు. 2025 ఆగస్టు నుంచి, పెండింగ్‌లో ఉన్న చెల్లింపు స్థితిని యాప్‌లో మూడుసార్లకు మించి చూడరాదని, ఒక్కోసారికీ 90 సెకన్ల ఎడం ఉండాలని పరిమితి వచ్చింది.

అప్పటికీ జవాబు తేలని లావాదేవీలు రీకన్సిలియేషన్‌కే చేరతాయి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన గడువుల ప్రకారం, అవతలి ఖాతాకు చేరని యూపీఐ బదిలీ సొమ్ము మరుసటి రోజుకల్లా, దుకాణదారుకు చేసిన చెల్లింపు అయితే ఐదు రోజుల్లోగా వెనక్కి రావాలి; ఆలస్యమైతే ఖాతాదారు ఫిర్యాదు చేయకపోయినా రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.