బండి వణుకు ఆగట్లేదా? సామాను మార్చే ముందు ఇవి చూసుకోండి

దళితబంధు కింద గానీ, ఎస్సీ కార్పొరేషన్ సాయంతో గానీ పికప్ బండి తీసుకొని వికారాబాద్, తాండూరు వైపు బండలు, కందులు తోలుతున్న లబ్ధిదారులకు ఈ సమాచారం. 2021లో మొదలైన దళితబంధులో కుటుంబానికి రూ.10 లక్షలు ఇచ్చారు. అది తిరిగి కట్టే అప్పు కాదు. కానీ బండి షెడ్డులో నిలబడితే ఆ రోజు కిరాయి పోయినట్టే. అరిగిపోయిన సామానుకు మామూలు ఇన్సూరెన్సులో డబ్బులు రావు. బండి పాతబడ్డాక వచ్చే వణుకుకు చాలామంది ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తారు, తర్వాత టైర్లు మారుస్తారు, అయినా వణుకు అట్లనే ఉంటది. ఎందుకంటే అది ఎప్పుడు వస్తుందో ఎవరూ సరిగ్గా చూడరు.

ముందు ఆ సంగతే పట్టుకోండి. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద వణుకు మొదలయ్యే వేగానికి వెళ్లి బండిని న్యూట్రల్ చేయండి. ఇంజిన్ మాత్రం ఆపొద్దు, ఆపితే బ్రేకు బిగుసుకుపోతుంది. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఈ పరీక్ష అస్సలు చేయొద్దు. న్యూట్రల్‌లో కూడా వణుకు ఉంటే తప్పు చక్రాల్లోనో షాఫ్ట్‌లోనో ఉంది. పోతే ఇంజిన్ వైపు చూడాలి. బండి నిలిపి ఎక్సలేటర్ తొక్కినప్పుడు కూడా వణికితే ఇంజిన్ కింది రబ్బర్లు చూపించండి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కు, డ్రమ్ముల పని.

స్టీరింగ్ చేతిలో అదిరితే ముందు చక్రాలు. సీటు, కాళ్ల కింది రేకు అదిరితే వెనక చక్రాలు లేదా షాఫ్ట్. ఈ రెండింటికీ తేడా చెవితో, ఒంటితో తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఏడెనిమిది సార్లు తిరుగుతుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ దానికి సుమారు నాలుగింతలు తిరుగుతుంది. అందుకే చక్రం తప్పయితే ఊపినట్టుంటది, షాఫ్ట్ తప్పయితే సన్నగా జుమ్మంటది.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది. తాండూరు వైపు కంది చేలల్లోకి బండి దింపినప్పుడు రేగడి మట్టి రిమ్ము లోపలి వైపు పట్టుకొని గట్టిపడుతుంది. ఒక పక్కనే పేరుకుంటే చక్రం బరువు తప్పుతుంది. ముందు లోపలి వైపు గీకి కడిగి చూడండి. ఆ తర్వాత టైరు ఎక్కడన్నా ఉబ్బిందా, రిమ్ము వంగిందా, వీల్ నట్లు వదులయ్యాయా చూడండి. అనుమానం ఉన్న చక్రం తీసి స్టెప్నీ వేసి నడిపితే సగం సంగతి తేలిపోతుంది.

ఇంకా పోలేదంటే షాఫ్ట్ క్రాస్‌ల దగ్గరికి రావాలి. బండి చదును నేల మీద నిలిపి, చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, షాఫ్ట్‌ను చేత్తో పట్టుకొని తిప్పండి, పైకి కిందికి కదపండి. జాయింట్ దగ్గర లూజు ఉన్నా, క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా అది అయిపోవచ్చింది. షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉంటే మధ్యలోని సెంటర్ బేరింగ్ రబ్బరు కూడా చూడాలి. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం దూరొద్దు.

మన దగ్గర ఎక్కువగా మరిచిపోయేది కమాన్ పట్టీలు. బండల లోడు ఆగాలని అదనంగా పట్టీ వేయిస్తారు. దాంతో ఖాళీ బండి వెనక లేస్తుంది, షాఫ్ట్ వంపు మారుతుంది, క్రాస్ మీద ఒత్తిడి పడుతుంది. మీ బండి లోడుతో బాగా నడిచి ఖాళీగా వణికితే, పట్టీ వేయించిన తర్వాతే ఇది మొదలైందా అని గుర్తు చేసుకోండి. అట్లాంటి వణుకు ఎన్ని టైర్లు మార్చినా పోదు.

అసలు పట్టీ దేనికి అవసరమైందో కూడా లెక్క చూడాలి. అంగుళం మందం బండ చదరపు అడుగుకు దాదాపు ఆరు కిలోలు తూగుతుంది. అంటే రెండడుగుల చదరపు బండ ఒక్కటే 24 కిలోలు, అరవై బండలు పెడితే టన్నున్నర దాకా పోయింది. ఆర్‌సీలో లేడెన్, అన్‌లేడెన్ బరువులు రెండూ ఉంటాయి. వాటి తేడానే మీ బండి మోయాల్సింది, అందులో డ్రైవరు బరువు కూడా కలిసే ఉంటుంది. దాటితే జరిమానా రూ.20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో రూ.2 వేలు. ఒక్కసారి పట్టుబడితే ఎన్ని ట్రిప్పుల లాభం పోతుందో మీకే తెలుసు.

షెడ్డుకు పోయినప్పుడు "బండి వణుకుతుంది" అని మాత్రం చెప్పొద్దు. ఏ వేగంలో, లోడుతోనా ఖాళీగానా, న్యూట్రల్‌లో ఉందా పోయిందా అనేది చెప్పండి. షాఫ్ట్ విప్పే ముందు జాయింట్‌కు రెండు పక్కలా కలిసేటట్టు పెయింట్‌తో ఒక గీత పెట్టించండి. ఆ గీత కలవకుండా బిగిస్తే కొత్త క్రాస్ వేసినా వణుకు వస్తుంది. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి, బిల్లు దాచుకోండి.

గేరు వేసి క్లచ్ వదలగానే కింద టక్కుమని కొడుతుంటే ఇంకో ట్రిప్పు చూద్దాం అనుకోవద్దు. క్రాస్ విరిగితే షాఫ్ట్ ముందు కొస రోడ్డు మీద పడి గుచ్చుకుంటుంది. లోడు అక్కడే దింపి మెకానిక్‌ను బండి దగ్గరికే పిలిపించండి.