గేమింగ్ ల్యాప్‌టాప్ – రోగనిర్ణయం, మార్పుచేర్పులు

గత విద్యాసంవత్సరం చివర, పరీక్షలకు ఇంకా మూడు వారాల వ్యవధి ఉండగా, తృతీయ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి తన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకొని మా భౌతికశాస్త్ర ప్రయోగశాలకు వచ్చాడు. అది గేమింగ్ ల్యాప్‌టాప్ అని పిలువబడే తరగతికి చెందినది. పేరును బట్టి దానిని ఆటవస్తువని భావించరాదు. ఆ కుర్రవాడు దానిపై పెండ్లి వీడియోలను కూర్చి, వచ్చిన సొమ్ముతో తన ఫీజు చెల్లించుకుంటున్నాడు. యంత్రం తాలూకు కిస్తులలో ఇంకా అయిదు మిగిలి ఉన్నవి.

"సార్, పని మొదలుపెట్టిన పది నిమిషాలకు దానంతట అదే ఆగిపోతున్నది. ఒక దుకాణంలో చూపించాను. మదర్‌బోర్డు పోయింది, 32,000 అవుతుందన్నారు" అని చెప్పి, నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆ 32,000 రూపాయలు ఖర్చు కాలేదు. అది ఎట్లా తప్పినదో వివరించుటకే ఈ వ్యాసం. మరమ్మతు చేసేవారందరూ మోసగాండ్రని నా అభిప్రాయం ఎంతమాత్రం కాదు. వారిలో నాకు గురుతుల్యులున్నారు. కాని రోగమేదో నిర్ణయించకముందే మందు వ్రాసే వైద్యుని వలె, లోపం ఎక్కడ ఉన్నదో కనుగొనకముందే భాగాలు మార్చే అలవాటు బాగా ప్రబలినది. కొనేవారిలోనూ ఆ తొందర ఉన్నది. యంత్రం నెమ్మదించగానే "ఏ భాగం కొనవలె?" అని అడుగుతారే గాని, "ఏ భాగం పనిచేయుట లేదు?" అని అడగరు.

ముందుగా ఈ యంత్రం స్వభావం కొంత తెలియవలె. సాధారణమైన పలుచని ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ 15 నుండి 28 వాట్ల విద్యుత్తుతో పనిచేయుట పరిపాటి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌కు తోడు ప్రత్యేకమైన గ్రాఫిక్స్ చిప్ ఒకటి ఉంటుంది. అది ప్రాసెసర్ కంటె ఎక్కువ విద్యుత్తును తీసుకుంటుంది. ఉదాహరణకు, ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 3060 ల్యాప్‌టాప్ చిప్‌ను తయారీదారులు 60 వాట్ల నుండి 115 వాట్ల వరకు తమకు తోచిన పరిమితితో అమర్చుకోవచ్చును. ఒకే పేరు గల చిప్ ఒక యంత్రంలో చురుకుగాను, మరొక యంత్రంలో మందకొడిగాను ఉండుటకు కారణం ఇదే. పెట్టెపై పేరు చూసి కొనేవారికి ఈ సంగతి తెలియదు.

ఈ విద్యుత్తంతా చివరకు ఉష్ణంగా మారవలసిందే. వెనుకటి రోజులలో ఇండ్లలో వెలిగిన నూరు వాట్ల బల్బును జ్ఞాపకం తెచ్చుకోండి. వెలుగుతున్నప్పుడు దానిని చేతితో తాకగలిగినవారు లేరు. అటువంటి బల్బు ఒకటిన్నర ప్రమాణం ఉష్ణం నిఘంటువంత మందం గల పెట్టెలో పుట్టి, రెండు చిన్న ఫ్యాన్ల ద్వారా బయటకు పోవలెను. కనుక ఈ తరగతి యంత్రాలలో తలెత్తే రుగ్మతలలో అధికభాగం ఉష్ణానికి సంబంధించినవే.

ఆ ఉష్ణాన్ని చిప్ వద్ద నుండి ఫ్యాన్ వరకు మోసుకొనిపోయేది రాగి గొట్టం. చూచుటకు రాగి కడ్డీ వలె ఉన్నా అది బోలుగా ఉంటుంది. లోపలి గాలిని తీసివేసి, కొద్దిపాటి నీటిని మాత్రం ఉంచి రెండు కొసలు మూసివేస్తారు. పీడనం తక్కువగా ఉన్నందున నీరు తక్కువ ఉష్ణోగ్రత వద్దనే ఆవిరి అవుతుంది. చిప్ వైపు ఆవిరియై గుప్తోష్ణాన్ని గ్రహించి, చల్లని కొసకు చేరి, అక్కడ తిరిగి నీరై ఆ ఉష్ణాన్ని విడిచిపెడుతుంది. గొట్టం లోపలి గోడకు అంటుకొని ఉన్న సన్నని రంధ్రాల పొర దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఆ నీటిని మళ్ళీ చిప్ వైపుకు చేరుస్తుంది. 1942లోనే జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన గాగ్లర్ ఈ భావానికి పేటెంటు కోరినా, దానిని ప్రయోగపూర్వకంగా లోకానికి చూపినవాడు అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలకు చెందిన జార్జి గ్రోవర్, అది 1963లో. మన ఇంటర్మీడియెట్ పాఠ్యపుస్తకంలోని గుప్తోష్ణమూ, కేశనాళికా చర్యా కలిసి విద్యార్థి ఒడిలో నిరంతరం పనిచేస్తున్నవన్నమాట.

అయితే చిప్ ఉపరితలమూ, రాగి పలకా ఎంత నునుపుగా ఉన్నా వాటి మధ్య సూక్ష్మమైన ఖాళీలుంటవి. ఆ ఖాళీలలో గాలి చేరుతుంది. రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 400 వాట్లు కాగా, గాలిది 0.025 మాత్రమే. ఆ గాలిని తొలగించుటకే థర్మల్ పేస్టును పూస్తారు. అది రాగి అంత ఉత్తమ వాహకం కాకపోయినా, గాలి కంటె వంద రెట్లకు మించి మేలు. కొన్ని సంవత్సరాల వేడికి ఈ పేస్టు ఎండి, పక్కలకు జరిగిపోతుంది. ఫ్యాన్‌కూ రేకులకూ నడుమ దుమ్ము, నూలుపోగులు, వెంట్రుకలు కలిసి కంబళి ముక్క వలె పేరుకుంటవి. బయటి జాలీ ఎంత శుభ్రంగా తుడిచినా ఇది కనబడదు. ఫ్యాన్‌ను ఊడదీస్తే గాని కంటపడదు.

ఉష్ణోగ్రత హద్దు దాటినప్పుడు చిప్ తనను తాను కాపాడుకుంటుంది. ఇంటెల్ వారి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో పెక్కింటికి ఆ హద్దు 100 డిగ్రీల సెల్సియస్. ఏఎమ్‌డీ వారి రైజెన్ ప్రాసెసర్లలో పెక్కింటికి 95. హద్దు సమీపించగానే వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే యంత్రం మొత్తంగా ఆగిపోతుంది. ఇది లోపం కాదు, రక్షణ.

ఇక ఆ విద్యార్థి యంత్రానికి వద్దాం. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచితమైన ప్రోగ్రాం ద్వారా ఉష్ణోగ్రతలు గమనిస్తూ అతని వీడియో పనినే నడిపించాము. నాలుగవ నిమిషానికి ప్రాసెసర్ 99 డిగ్రీలు చేరింది. ఫ్యాన్లు హోరుమంటున్నవి, కాని వెనుకనున్న జాలీ వద్ద చేయి పెడితే వెచ్చని గాలి రావటం లేదు. పదకొండవ నిమిషానికి యంత్రం ఆగిపోయింది. పని లేకుండా ఊరక ఉంచినప్పుడు మాత్రం గంటసేపు నిక్షేపంగా ఉన్నది. మదర్‌బోర్డు చెడిపోతే పని బరువుతోనూ, ఉష్ణోగ్రతతోనూ ఇంత నియమంగా సంబంధం ఉండుట అరుదు. చల్లగా ఉండగానే ఆగిపోతే విద్యుత్తు సరఫరాను గాని, బోర్డును గాని అనుమానించవలె. బ్యాటరీపై ఉన్నప్పుడే ఆగిపోతే బ్యాటరీని అనుమానించవలె. బరువైన పనిలో బ్యాటరీ శాతం తరుగుతూ పోతే అడాప్టర్ వాట్లను సరిచూడవలె. 200 వాట్లకు పైగా కోరే యంత్రానికి స్నేహితుని 65 వాట్ల ఛార్జర్ తగిలిస్తే అంతకంటె జరిగేదేమీ లేదు.

తెరవక తప్పదని నిశ్చయించుకున్నాము. హామీ గడువు అప్పటికి తీరిపోయింది. గడువు ఉన్నవారు ముందుగా హామీ పత్రం చదువుకొనుట మంచిది. అడుగు మూత తీయగానే మొదట చేయవలసినది బ్యాటరీ తీగను బోర్డు నుండి వేరుచేయుట. స్విచ్ ఆపినంత మాత్రాన బోర్డులో విద్యుత్తు లేదనుకొనరాదు. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే, అనగా టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా, ఇక దానిని వాడరాదు; గుచ్చరాదు, నొక్కరాదు, చెత్తకుండీలో వేయరాదు. లిథియం అంటుకుంటే ఆర్పుట కష్టం. మన శరీరంపై చేరిన స్థిరవిద్యుత్తు కొన్ని వేల వోల్టులైతే గాని మనకు చురుక్కుమనదు, కాని సున్నితమైన చిప్‌లు అంతకంటె తక్కువకే చెడిపోగలవు. భూమికి కలిపిన లోహపు వస్తువును తాకి పని మొదలుపెట్టవలె.

స్క్రూల విషయంలో నా అనుభవం ఒకటి చెప్పుకొనక తప్పదు. కొన్నేండ్ల క్రితం నా సొంత ల్యాప్‌టాప్‌ను తెరిచి, తీసిన స్క్రూలన్నిటినీ ఒక టీ సాసరులో వేశాను. తిరిగి బిగించేటప్పుడు పొడవైన స్క్రూ ఒకటి పొట్టిదాని రంధ్రంలో పడింది. బిగువుగా ఉన్నదని మరింత బలంగా తిప్పాను. దాని మొన కీబోర్డును లోపలి నుండి పొడిచింది. మూడు మీటలు శాశ్వతంగా మౌనం వహించినవి. అప్పటి నుండి తెల్లకాగితంపై యంత్రం బొమ్మ గీసి, ఏ స్క్రూను ఏ మూల నుండి తీశానో అక్కడే గుచ్చి ఉంచుతున్నాను.

ఫ్యాన్ తీయగానే కుర్రవాడు నోరు తెరిచాడు. రేకులు ఒక్కటైనా కనిపించలేదు. బూడిద రంగు దుప్పటి కప్పినట్లున్నది. దుమ్మును ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టి ఉంచవలె. లేకున్న అది అతివేగంగా తిరిగి బేరింగు చెడుతుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి కొత్తది పూశాము. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొన్ని ఖరీదైన యంత్రాలలో పేస్టుకు బదులు ద్రవలోహాన్ని వాడుతున్నారు. అది విద్యుద్వాహకం, ఒక బొట్టు జారి బోర్డుపై పడితే యంత్రం పోయినట్లే. దానిలోని గాలియం అల్యూమినియాన్ని తినివేస్తుంది కూడా. పలకను ఎత్తగానే పాదరసం వంటి మెరుపు కనిపించినట్లయితే అనుభవజ్ఞుని వద్దకు పోవుటయే శ్రేయస్కరం.

మూత బిగించి అదే వీడియో పనిని తిరిగి నడిపించాము. 84 డిగ్రీల వద్ద నిలిచిపోయింది. పేస్టుకు, ఆల్కహాలుకు కలిపి 450 రూపాయలైనవి.

అయినా పని మధ్యలో యంత్రం అప్పుడప్పుడు నత్తినత్తిగా నడుస్తూనే ఉన్నది. ఇది వేరొక రోగం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో మెమరీ పట్టిక నూటికి 96 వంతులు నిండి ఉన్నది. డిస్కు పట్టిక ఎడతెగక ఆడుతున్నది. మెమరీ చాలనప్పుడు యంత్రం డిస్కునే మెమరీగా వాడుకుంటుంది. ఇట్టి సమయంలో ప్రాసెసర్‌ను నిందించి ప్రయోజనం లేదు.

ఆ యంత్రంలో 8 జీబీ మెమరీ పలక ఒక్కటే ఉన్నది, రెండవ గాడి ఖాళీగా ఉన్నది. అటువంటి చోట రెండవ పలక చేర్చుట వలన రెండు లాభాలు: పరిమాణం పెరుగుతుంది, ప్రాసెసర్‌కు మెమరీకి నడుమ ఒకటికి బదులు రెండు దారులు తెరుచుకుంటవి. కొనుటకు ముందు రకం తెలుసుకోవలె. ల్యాప్‌టాప్ డీడీఆర్4 పలకకు 260 కాళ్ళు, 1.2 వోల్టులు, డీడీఆర్5 పలకకు 262 కాళ్ళు, 1.1 వోల్టులు. గాటు స్థానం కూడా వేరు. ఒకదాని గాడిలో రెండవది పట్టదు, బలవంతం చేస్తే గాడి విరుగుతుంది. కొన్ని యంత్రాలలో మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది. ఏసుస్ వారి జెఫిరస్ జీ14లో 2020లో ఒక గాడి అయినా ఉండేది. 2024 నమూనాలో అదీ లేదు. పైగా 2025 చివర కృత్రిమ మేధా కేంద్రాల గిరాకీ వలన మెమరీ ధరలు విపరీతంగా పెరిగినవి. అందుచేత అవసరం రుజువైన తరువాతనే కొనవలె. మా విద్యార్థి సికింద్రాబాదు పార్క్ లేన్‌లో రెండు మూడు దుకాణాలు తిరిగి, వాడిన పలక ఒకటి రసీదుతో తెచ్చుకున్నాడు. దానిని మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్షించి గాని పనికి వాడనివ్వలేదు.

కొత్త మెమరీ వేసిన తరువాత మొదటిసారి తెర వెలుగుటకు ఆలస్యం కావచ్చును. డీడీఆర్5 యంత్రాలలో కొన్ని నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. బోర్డు ఆ పలక వేగాన్ని సరిచూసుకుంటున్నదన్నమాట. పాపం, ఈ చీకటిని చూసి బెదరి స్విచ్ ఆపి, మళ్ళీ తెరిచి, మంచి పలకలను పాడుచేసుకున్నవారున్నారు. ఎంతసేపటికీ వెలగకపోతే పలకను తీసి, తిరిగి గట్టిగా కూర్చోబెట్టవలె. బ్యాటరీని, అడాప్టర్‌ను వేరుచేసి పవర్ మీటను అర నిమిషం నొక్కి ఉంచుట కూడా అనేక మొండి రోగాలను కుదురుస్తుంది.

డిస్కు సంగతి క్లుప్తంగా చెబుతాను. తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 100 నుండి 150 మెగాబైట్లు చదువుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550 వరకు. మూడవ తరం ఎన్‌వీఎమ్‌ఈ 3,500 వరకు. హార్డ్ డిస్కు నుండి సాటాకు మారినవాడు ఒక్క క్షణంలో తేడా గ్రహిస్తాడు. సాటా నుండి ఎన్‌వీఎమ్‌ఈకి మారినవాడు తరచు గడియారం పెట్టి చూస్తే గాని గ్రహించలేడు. ఎమ్.2 గాడి ఆకారం ఒకటే అయినా, కొన్ని గాడులు సాటాను మాత్రమే, కొన్ని ఎన్‌వీఎమ్‌ఈని మాత్రమే అంగీకరిస్తవి. యంత్రం పుస్తకంలో చూసుకోవలె. డిస్కును ముట్టుకొనుటకు ముందే వ్రాతకోతలన్నీ వేరొకచోట నకలు తీసుకొనవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మార్చలేనివి ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్. ఒకప్పుడు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు కూడా ఊడదీసి మార్చుకొనేవిగా ఉండేవి. 2013 నాటి ఇంటెల్ నాలుగవ తరం తరువాత ఆ సదుపాయం ఆ సంస్థ ల్యాప్‌టాప్ చిప్‌లకు పోయింది. ఇప్పుడవి బోర్డుకు అతుకబడి వస్తున్నవి. 2024లో మార్కెట్టుకు వచ్చిన ఫ్రేమ్‌వర్క్ 16 వంటి యంత్రం గ్రాఫిక్స్ భాగాన్ని విడిగా మార్చుకొనే వీలు కల్పించింది గాని, అది అపవాదమే. కావున కొనేటప్పుడు డబ్బు చాలకపోతే మెమరీలోను, డిస్కులోను తగ్గించుకోండి, అవి తరువాత చేర్చుకోవచ్చును. గ్రాఫిక్స్‌లోను, ఉష్ణాన్ని తరిమే ఏర్పాటులోను మాత్రం తగ్గించుకోవద్దు.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. మంచి స్క్రూడ్రైవర్ల పెట్టె, స్థిరవిద్యుత్తును తొలగించే మణికట్టు పట్టీ, ఒక గాలిబుడ్డి – ఇవి ప్రయోగశాల బీరువాలో ఉంటే చాలు. వారానికి ఒక సాయంత్రం ఆ బల్ల వద్ద కూర్చొనుటకు నేను సిద్ధంగా ఉన్నాను. ఆ విద్యార్థి కూడా వస్తానన్నాడు. అతని కిస్తులు తీరిపోయినవి. దుమ్ము చూచుటకు యంత్రాన్ని మళ్ళీ ఎప్పుడు తెరవవలెనో అతని నోటుపుస్తకం చివరి పుటలో తేదీ వేయించాను.