బోర్డు మీది పేరును బట్టే రిబేటు

145.25 డాలర్లు. 98.95 డాలర్లు. 87.25 డాలర్లు. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడ్డ మనవాళ్లు ఎవరైనా మనసు బాగోలేక, జీపీ (కుటుంబ వైద్యులు) దగ్గర మెంటల్ హెల్త్ ప్లాన్ రాయించుకుని, ఒకరి ఎదుట కనీసం 50 నిమిషాలు కూర్చుని మాట్లాడి వస్తే, ఆస్ట్రేలియా ప్రభుత్వం తన ఆరోగ్య బీమా పథకం మెడికేర్ ద్వారా తిరిగిచ్చే సొమ్ము ఈ మూడింటిలో ఒకటి. 2025 జూలై 1 నాటి రేట్లివి. నాలుగో అంకె కూడా ఉంది: సున్నా. ఎంత వస్తుందన్నది రోగి బాధను బట్టి ఉండదు, ఎదుట కూర్చున్నవారి రిజిస్ట్రేషన్‌ను బట్టి ఉంటుంది.

2006 నవంబర్‌లో మొదలైన ఈ పథకం పేరు బెటర్ యాక్సెస్. పెద్ద అంకె క్లినికల్ సైకాలజిస్టుది. రెండోది మిగతా రిజిస్టర్డ్ సైకాలజిస్టులది. మూడోది మానసిక ఆరోగ్యంలో ప్రత్యేక గుర్తింపు పొందిన సోషల్ వర్కర్లది, ఆక్యుపేషనల్ థెరపిస్టులది. కౌన్సెలర్‌కు, సైకోథెరపిస్టుకు సున్నా. వాళ్లకు పనితనం లేదని కాదు, ఈ జాబితాలో చోటు లేదంతే.

సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే సైకాలజీ బోర్డు ఆఫ్ ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా ఆ పేరు వాడితే నేరం. కౌన్సెలర్ అన్న పేరుకు అలాంటి కాపలా లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. సైకాలజిస్టు కావడానికి చదువు, శిక్షణ కలిపి కనీసం 6 ఏళ్లు. క్లినికల్ అన్న మాట ముందు చేరాలంటే మామూలుగా నాలుగేళ్ల చదువు మీద రెండేళ్ల మాస్టర్స్, ఆపైన పర్యవేక్షణలో మరో రెండేళ్ల ప్రాక్టీసు, వెరసి 8. ఆ రెండేళ్ల తేడా రోగి చేతిలో 46.30 డాలర్ల తేడాగా తేలుతుంది, పది సెషన్లకు 463. ఇద్దరి దగ్గరా అదే గంట, చాలాసార్లు అదే రకం చికిత్స. ఇంత అంతరం న్యాయమా అని ఆ వృత్తిలోనే ఏళ్ల తరబడి తగవు నడుస్తోంది. నా మట్టుకు నాకు తగవు తీరకపోవడం కన్నా, దాని భారం రోగి జేబు మీద పడటమే బాధ.

ఒక రసీదు చేతిలోకి తీసుకుని చూడండి. పైన ప్రొవైడర్ నంబరు, దాని కింద ఐటెం నంబరు. 80010 అని ఉంటే క్లినికల్ సైకాలజిస్టు, 80110 అని ఉంటే మామూలు సైకాలజిస్టు. ఉదాహరణకు ఫీజు 240 డాలర్లు అనుకుందాం. మొదటి రకమైతే మన చేతి నుంచి పోయేది 94.75, రెండో రకమైతే 141.05. ఫీజు ఎంత పెట్టాలో ప్రభుత్వం చెప్పదు, తానెంత ఇస్తుందో మాత్రమే చెబుతుంది. రిబేటుతోనే సరిపెట్టుకుని రోగి దగ్గర పైసా తీసుకోని వాళ్లూ ఉన్నారు. దాన్ని బల్క్ బిల్లింగ్ అంటారు. అలాంటి చోటు దొరకడమే కష్టం.

రోగి ఒక్కరే కూర్చునే సెషన్లు ఏడాదికి 10. జీపీ మొదట 6 దాకా రాస్తారు, మళ్లీ వెళ్లి చూపించుకుంటే మిగతా 4. కోవిడ్ కాలంలో వీటిని 20 చేశారు, 2022 డిసెంబర్ 31తో తిరిగి 10కి దించారు. అదనపు సెషన్లు కొనసాగించాలని, అవి తీవ్రమైన సమస్యలున్నవారికి దక్కాలని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ నిపుణుల నివేదిక చెప్పిన నెలలోనే ఈ కోత పడటం నాకిప్పటికీ మింగుడుపడదు. భార్యాభర్తల తగాదా ఒక్కటే కారణమైతే రిబేటు రాదు. రోగి తరఫున ఇంట్లోవాళ్లు మాట్లాడటానికి మాత్రం, 2023 మార్చి నుంచి, ఆ పదిలోనే రెండు వాడుకోవచ్చు.

ఇవన్నీ మెడికేర్ కార్డు ఉన్నవాళ్లకు. పరస్పర వైద్య ఒప్పందం ఉన్న 11 దేశాల్లో భారత్ లేదు. కాబట్టి స్టూడెంట్ వీసా మీద చదివే పిల్లలకూ, మనవణ్ణి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకూ ఈ పథకం వర్తించదు. పిల్లలు ముందు యూనివర్సిటీ కౌన్సెలింగ్ విభాగం తలుపు తట్టాలి, ఆపైన తమ ఇన్సూరెన్సు ఏమిస్తుందో అడగాలి. హైదరాబాద్‌లో సైకాలజీ ఎం.ఏ. చేసి వచ్చినవారి డిగ్రీ కూడా అక్కడి బోర్డు ఒప్పుకుని రిజిస్ట్రేషన్ ఇచ్చేదాకా రిబేటు లెక్కలోకి రాదు.

అపాయింట్‌మెంటుకు ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకండి. మీది ఏ రిజిస్ట్రేషన్, ఫీజెంత, రిబేటు పోను నేనెంత కట్టాలి అని సూటిగా అడగండి. సైకాలజిస్టు అయితే, రిజిస్ట్రేషన్ల జాబితా ఉంచే ప్రభుత్వ సంస్థ ఆప్రా వెబ్‌సైటులో వాళ్ల పేరు కొట్టి ఉచితంగానే చూసుకోవచ్చు. ఇంకొక్క మాట: లెక్క క్యాలెండర్ ఏడాదిది, డిసెంబర్ 31కి వాడుకోకుండా మిగిలిన సెషన్లు మరుసటి ఏడాదికి కలవవు.