పది రకాల పనులు చేసినవారికి విదేశీ గ్రామాభివృద్ధిలో చోటుందా? నల్గొండ, పాలమూరు నుంచి ఒక లెక్క

నల్గొండ, పాలమూరు వైపు ఇలాంటి బయోడేటాలు కొల్లలు. డిగ్రీ అయ్యాక ప్రైవేటు బడిలో రెండేళ్లు లెక్కలు చెప్పడం, తర్వాత వాటర్‌షెడ్ ప్రాజెక్టులో నాలుగేళ్లు, ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో కొన్నాళ్లు, మండల సమాఖ్యలో ఖాతాలు రాయడం, మధ్యలో చేతులు కాల్చుకున్న సొంత వ్యాపారం. ఇంట్లోవాళ్లు దీన్ని నిలకడలేనితనం అంటారు. ఉద్యోగమిచ్చేవాళ్లూ అలాగే అంటారేమోనని చాలామంది సగం అనుభవాన్ని కాగితం మీదే పెట్టరు.

దుబాయికి ఎలా పోవాలో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఇథియోపియాలో ఊరి నీళ్ల కమిటీతోనో, నేపాల్‌లో మహిళా సంఘాలతోనో పనిచేయడానికి ఎలా పోవాలో చెప్పేవారు అరుదు. ఆ దారికీ కొన్ని లెక్కలున్నాయి. వాటిని వరుసగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: ఉద్యోగాలు ఎన్ని మారినా ఫర్వాలేదు, ఒక సమస్యను ఎన్నేళ్లు పట్టుకున్నారో చూపించగలగాలి.

1.5 మిల్లీగ్రాములు: నల్గొండ పేరు ఆఫ్రికాకు చేరిన కథ

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల బోర్లు ఆ హద్దును ఎప్పుడో దాటాయి. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు, బిగుసుకుపోయిన కీళ్లు ఆ నీళ్లు తెచ్చిపెట్టినవే.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో దీనికి చవకైన మార్గం ఒకటి రూపొందించింది. ఇంట్లో చేసుకునే పద్ధతైతే 40 లీటర్ల పాత్రలో నీళ్లు పోసి, పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి, పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటసేపు తేరనివ్వాలి. మడ్డి అడుగుకు దిగాక పైనున్న నీళ్లు తీసుకోవాలి. ఈ పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అన్న పేరు స్థిరపడింది. తూర్పు ఆఫ్రికాలోని రిఫ్ట్ లోయలో అగ్నిపర్వత శిలల వల్ల ఇదే బాధ ఉంది. అందుకే టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో ఈ పద్ధతిని వాడి చూశారు. అక్కడి నీటి ఇంజనీర్లకు నల్గొండ జిల్లా ఏ రాష్ట్రంలో ఉందో తెలియకపోవచ్చు, పేరు మాత్రం తెలుసు.

ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. పటిక చాలా పడుతుంది. మోతాదు తప్పితే నీటి రుచి చెడుతుంది. అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో చిక్కు. అన్నింటికంటే ముఖ్యం, ఎవరో ఒకరు ప్రతిరోజూ ఓపిగ్గా చేయాలి. మన దగ్గర చివరికి ప్రభుత్వం పైపుల్లో నదీజలాలు తెచ్చే దారి పట్టింది. ఆ పథకమైన మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు.

పటిక బకెట్‌ను ఇంటింటికీ పరిచయం చేసి, వారం తిరిగేసరికి అది మూలకు ఎందుకు చేరిందో కళ్లారా చూసి, తర్వాత ఊరి ట్యాంకు దగ్గర నీటి పరీక్షలు చేసినవారికి పుస్తకాల్లో దొరకని విషయం తెలుసు. అదే పని చూసేటప్పుడు వాళ్లు ఒకప్పుడు బడి పంతులు, ఒకప్పుడు ఆరోగ్య కార్యకర్త, ఒకప్పుడు స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి అయి ఉండొచ్చు. పోస్టులు మూడైనా సమస్య ఒక్కటే.

7 జిల్లాలు, ఒక డ్రమ్ము, ఒక స్టాప్‌వాచ్

రెండో ఉదాహరణ భూగర్భజలాలది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) నెదర్లాండ్స్ నిధులతో 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. రైతులే భూగర్భజలాల లెక్క చూసుకోవడం దాని ఉద్దేశం. కరువుబారిన పడే 7 జిల్లాలను ఎంచుకున్నారు: అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్గొండ.

పని ఇలా సాగేది. 15 రోజులకోసారి బోరు నీళ్లను డ్రమ్ములోకి వదిలి, స్టాప్‌వాచ్‌తో సమయం చూస్తారు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, అంటే గంటకు 7,200 లీటర్లు. వానను కొలిచే పరికరం ఊళ్లోనే ఉంటుంది, రీడింగ్ రాసేది రైతే. యాసంగి ముందు అందరూ కూర్చుని నేలలో ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని బడ్జెట్ వేస్తారు. వరికి 1,200 మిల్లీమీటర్ల దాకా నీరు పట్టే చోట వేరుశనగకు 500 చుట్టుపక్కల సరిపోతుంది. ఎవరు ఏ పంట వేయాలో శాసించేవారెవరూ లేరు. లెక్క కళ్లముందు ఉంటుంది, నిర్ణయం రైతుదే. ప్రపంచ బ్యాంకు 2010లో భారతదేశ భూగర్భజలాలపై తెచ్చిన నివేదికలో ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది.

ఇక పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచే మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాల్లో ఊరికి 40 కుటుంబాల చొప్పున ఎంచుకుని పంట, అప్పు, కూలి లెక్కలు రాయించింది. మెట్ట వ్యవసాయం చదివే ఆర్థికవేత్తలకు ఔరేపల్లి బాగా పరిచయమైన ఊరు. పంచాయతీరాజ్ తొలి అడుగుల్లోనూ ఈ నేలకు పాలుంది. 1959 అక్టోబరు 11న నెహ్రూ షాద్‌నగర్ వచ్చింది ఆ వ్యవస్థను ప్రారంభించడానికే. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థకు ఇప్పటికీ భారత ప్రభుత్వ ఐటెక్ శిక్షణ కింద ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులు వస్తుంటారు. మన పల్లెల అనుభవానికి బయట గిరాకీ ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

3, 5, 7, 15: ఏళ్లను ఎలా లెక్కిస్తారు?

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ (యూఎన్‌వీ) 1970లో ఏర్పడింది. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 12 వేల మందికి పైగా దీని ద్వారా పనిచేస్తున్నారు. ఇందులో 'స్పెషలిస్టు' వర్గానికి 27 ఏళ్లు నిండి, కనీసం 3 ఏళ్ల అనుభవం ఉండాలి. 'ఎక్స్‌పర్ట్'కు 35 ఏళ్ల వయసు, 15 ఏళ్ల అనుభవం. గరిష్ఠ వయసు 80. నలభై దాటాక దారి మార్చుకునేవారికి ఇది మంచి కబురు. జీతం అనరు, నెలనెలా జీవన భత్యం, ప్రయాణ ఖర్చు, బీమా ఇస్తారు.

సమితి సచివాలయంలో రెగ్యులర్ ప్రొఫెషనల్ (పీ) పోస్టుల లెక్క వేరు. పీజీ ఉంటే పీ-3కి 5 ఏళ్లు, పీ-4కి 7 ఏళ్లు. డిగ్రీ ఒక్కటే ఉంటే సాధారణంగా మరో 2 ఏళ్లు కలపాలి.

ఇప్పుడు ఒక ఊహాత్మక బయోడేటా తీసుకుందాం. వయసు 38, చదువు బీఎస్సీ.

ప్రైవేటు బడి – 2 ఏళ్లు
వాటర్‌షెడ్ ప్రాజెక్టు – 4 ఏళ్లు
సోషల్ ఆడిట్ – 2 ఏళ్లు
మండల సమాఖ్య ఖాతాలు – 3 ఏళ్లు
బట్టల దుకాణం – 3 ఏళ్లు

మొత్తం 14 ఏళ్లు. అన్నింటినీ ఒకే తాడున కడితే ఏ పోస్టుకూ సరిపోని మూట. సమస్యల వారీగా విడదీస్తే బొమ్మ మారుతుంది. నీటి యాజమాన్యం పోస్టుకు పనికొచ్చేవి 4 ఏళ్లే. యూఎన్‌వీ స్పెషలిస్టుకు సరిపోతాయి, పీ-3కి చాలవు. 'గ్రామ సంస్థల పాలన, జవాబుదారీతనం' అన్న గీత గీస్తే వాటర్‌షెడ్ కమిటీలు, సోషల్ ఆడిట్, సమాఖ్య కలిసి 4+2+3, అంటే 9 ఏళ్లు. పీజీ లేకపోయినా పీ-3కి అడిగే 7 దాటాయి. మహిళల చిన్న వ్యాపారాల పోస్టుకైతే సమాఖ్య ఖాతాలు, దుకాణం కలిసి 3+3, అంటే 6 ఏళ్లు. నష్టపోయిన దుకాణం కూడా ఇక్కడ అనుభవమే. మనిషి అదే, సంవత్సరాలు అవే, ఎంచుకున్న సమస్యను బట్టి అంకె 4, 6, 9గా మారుతోంది.

కాగితం మీద అర్హత వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. యూఎన్‌వీ 12 వేలను సమితి 193 సభ్యదేశాలకు సమానంగా పంచినా దేశానికి 62 దాకానే వస్తాయి. పోటీ ప్రపంచమంతటితో. పైగా ఊళ్లో స్థానికులు చేయగల పనికి ఏ సంస్థా విదేశీయుడిని తెచ్చుకోదు. 'ప్రజల్లో పనిచేసిన అనుభవం' అని రాస్తే ఎవరూ తలెత్తి చూడరు. 'ఇన్ని ఊళ్లలో ఇన్ని ఇళ్లు తిరిగి కూలీల మస్టర్లను వేతన చెల్లింపులతో సరిపోల్చాం, గ్రామసభలో చదివి వినిపించాం, మండల ప్రజావేదికలో ఇంత సొమ్ము రికవరీకి ఆదేశాలు వచ్చాయి' అని రాస్తే ఆగి చదువుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో సోషల్ ఆడిట్‌కే ప్రత్యేక సొసైటీ పెట్టారు. మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉపాధి హామీ మొదటి విడత 200 జిల్లాల్లో ఉన్నాయి. ఇంత పొడవైన ఆడిట్ అనుభవం చాలా దేశాలకు కొత్త.

మొదటి పరదేశం బీహార్

విదేశీ సంస్థ వేసే సహజమైన ప్రశ్న ఒకటుంది: మీ భాష, మీ మండలం దాటి ఎప్పుడైనా పనిచేశారా? దానికి జవాబు దేశంలోనే సంపాదించుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) పెంచిన సంఘాల మహిళలు కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు (సీఆర్పీలు)గా బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి సంఘాలు కట్టించారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ మొదలయ్యాక ఇది దేశమంతా పాటించే పద్ధతైంది. బృందంగా వెళ్లి, ఒక ఊళ్లో 15 రోజుల చొప్పున ఉండి, అప్పులు తీర్చుకున్న తమ కథనే పాఠంగా చెప్పి వస్తారు. పాలమూరు, నల్గొండ వాళ్లకు దక్కనీ ఉర్దూ చెవిన పడే ఉంటుంది కాబట్టి హిందీ పల్లెల్లో మాట తొందరగా కలుస్తుంది. ఇలాంటి రెండు మూడు విడతలు చేసినవారు ఆ సంగతిని బయోడేటాలో పై వరుసలో రాయాలి.

భాష విషయంలో ఇంగ్లీషు తప్పనిసరి. పశ్చిమ ఆఫ్రికాకు ఫ్రెంచి, మొజాంబిక్‌కు పోర్చుగీసు, టాంజానియా పల్లెలకు స్వాహిలీ వస్తే మేలు.

ఏ తలుపు తట్టాలి, దేన్ని వదిలేయాలి

పేరున్న కార్యక్రమాలన్నీ మనకోసం కావు. 1961లో పుట్టిన పీస్ కోర్ అమెరికా పౌరులకే. 1965 నుంచి నడుస్తున్న జపాన్ వాలంటీర్ల కార్యక్రమం జపనీయులకే. వాటి మీద సమయం వృథా. 1958లో బ్రిటన్‌లో మొదలైన వాలంటీర్ల సంస్థ వీఎస్ఓ ఇతర దేశాలవారినీ తీసుకుంటుంది. మన పొరుగున బంగ్లాదేశ్‌లో 1972లో పుట్టిన స్వచ్ఛంద సంస్థ బ్రాక్ 2002లో అఫ్గానిస్తాన్‌తో మొదలుపెట్టి ఆఫ్రికాకూ విస్తరించింది. పేద దేశపు అనుభవాన్ని మరో పేద దేశానికి తీసుకెళ్లడం దాని బలం. యూఎన్‌వీలోనే సొంత దేశంలో పనిచేసే 'నేషనల్' వాలంటీర్ పోస్టులు కూడా ఉంటాయి. మొదటిసారి దరఖాస్తు చేసేవారికి అది దగ్గరి మెట్టు.

1,500, 500, 18, 30,000: కాగితాల ఖర్చు

పదేళ్ల పాస్‌పోర్టు, 36 పేజీలది, 1,500 రూపాయలు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ 500. పదో తరగతి పాసై, ఆ సర్టిఫికెట్ చూపితే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర పడదు. ఆ ముద్ర ఉంటే ఉద్యోగానికి 18 దేశాలకు వెళ్లేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఆ జాబితాలో గల్ఫ్ దేశాలతోపాటు అఫ్గానిస్తాన్, యెమెన్, సూడాన్, దక్షిణ సూడాన్ కూడా ఉన్నాయి. సహాయ సంస్థలు ఎక్కువగా పనిచేసేది అక్కడే.

కెన్యా, ఇథియోపియా, ఉగాండా వెళ్లేవారు బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే విమానాశ్రయం నుంచి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

ఇక ఏజెంట్ల సంగతి. నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఐక్యరాజ్యసమితి సంస్థలు దరఖాస్తుకు, ఇంటర్వ్యూకు, శిక్షణకు, దేనికీ రూపాయి అడగవు. 'యూఎన్ జాబ్ గ్యారంటీ, ముందు లక్ష కట్టు' అన్న ఫోన్ వస్తే అక్కడే పెట్టేయండి.

ముందు చేయాల్సింది

మీ ఉద్యోగాల జాబితాను పక్కన పెట్టి, మీరు చేసిన పనులన్నీ తాకిన సమస్యలేమిటో రాసుకోండి: నీళ్లు, అప్పు, వలస, బడి, ఆరోగ్యం. ఒక్కోదాని కింద నెలలు కూడండి. పార్ట్‌టైమ్ పనిని దాని పాళ్ల ప్రకారమే కలపండి, సగం రోజు చొప్పున రెండేళ్లు చేస్తే ఏడాదే వేసుకోండి. 36 నెలలు దాటిన సమస్య ఏదైనా ఉంటే దాని చుట్టూ బయోడేటా కట్టి, ఆ పనిని చూసిన ముగ్గురి పేర్లు సిద్ధం చేసుకోండి. ఏదీ 36 దాటకపోతే దరఖాస్తుల మీద సమయం తగలేయొద్దు. ఎక్కువ నెలలున్న సమస్యను పట్టుకుని జిల్లాలోనే మరో ఏడాదో రెండేళ్లో పనిచేయండి. ఆ ఏడాదికి ఇక్కడ జీతం వస్తుంది, ఆ నెలలు అక్కడ లెక్కకొస్తాయి.